కొండ గాలికి వెల కట్టే నగరం

దార్జిలింగు కొండలపై పుట్టిన పరిమళం కోల్‌కతా రుచిగదులలో పరీక్షకు నిలుస్తుంది. ఆ పరీక్షలో నెగ్గడం ఒక ఎత్తు. సంపాదించుకున్న పేరును కాపాడుకోవడం మరొక ఎత్తు.

కోల్‌కతా నగరం నడిబొడ్డున, పూర్వం డల్హౌసీ చౌకమని పేరుపొందిన బి.బి.డి. బాగ్‌కు సమీపంలో, రాజేంద్రనాథ్ ముఖర్జీ రోడ్డు మీద నీల్‌హాట్ హౌస్ అనే భవనం ఉన్నది. వంగభాషలో నీల్ అంటే నీలిమందు, హాట్ అంటే సంత. బెంగాలు రైతుల చేత బలవంతాన పండింపజేసిన నీలిమందు ఒకప్పుడు ఆ స్థలంలో వేలానికి వచ్చేది. 1859-60 సంవత్సరాలలో రైతులు ఆ పంటపై తిరగబడ్డారు. వారి గోడును లోకానికి చాటిన దీనబంధు మిత్ర నాటకం ‘నీల్ దర్పణ్’ 1860లో వెలువడింది. ఆ మరుసటి ఏడాది, 1861 డిసెంబరు 27న, కలకత్తా నగరంలో మొట్టమొదటి తేయాకు వేలం జరిగింది. దానిని నిర్వహించిన బ్రోకర్ల సంస్థ 1851లో స్థాపితమైనది, నేడు జె. థామస్ అండ్ కంపెనీగా ప్రసిద్ధమైనది. నీలిమందుతో వ్యాపారం మొదలుపెట్టిన ఆ సంస్థ తేయాకుతో ప్రపంచ ప్రఖ్యాతి పొందింది.

ఆనాటి నుంచి అస్సాం, డూవర్స్, దార్జిలింగు తోటల తేయాకు ఈ నగరానికి వస్తూనే ఉన్నది. తోటల యాజమాన్యాల కార్యాలయాలు అనేకం ఇక్కడనే ఉన్నాయి. వ్యాపారుల సంఘం 1886లో ఇక్కడ ఏర్పడింది. 1953 నాటి తేయాకు చట్టాన్ని అనుసరించి ఏర్పడిన టీ బోర్డు ప్రధాన కార్యాలయం కూడా ఈ నగరంలోనే ఉన్నది. 1679లో మొదలైన లండన్ తేయాకు వేలం 1998 జూన్ 29న శాశ్వతంగా ముగిసిపోయింది. కోల్‌కతా వేలం మాత్రం కొనసాగుతున్నది. ఇప్పుడు సుత్తి చప్పుడు లేదు, ధరల కేకలు లేవు. కొనుగోలుదారులు తమ బేరాలను కంప్యూటర్ల మీదనే నడుపుకుంటారు. అయితే యంత్రం చేయలేని పని ఒకటి మిగిలి ఉన్నది. అది రుచి చూడడం.

రుచిగదిలో

టీ టేస్టర్ అని పిలువబడే రుచి నిపుణుడు పనిచేసే గదికి వెలుతురు ఉత్తర దిక్కు నుంచి వచ్చేటట్లు ఏర్పాటు చేసుకోవడం ఆనవాయితీ. ఎండ నేరుగా పడితే తేనీటి రంగు కంటిని మోసగిస్తుంది. పొడవాటి బల్లపై వరుసగా తెల్లని పింగాణి గిన్నెలు, వాటి వెనుక మూత గల చిన్న పాత్రలు, ఆ వెనుక పొడి ఆకు నమూనాలు ఉంటాయి. ఒక్కొక్క నమూనా నుంచి సుమారు రెండున్నర గ్రాముల ఆకును తూచి పాత్రలో వేసి, అప్పుడే తెర్లిన నీరు పోసి, దాదాపు ఐదు నిమిషాలు మూతపెట్టి ఉంచుతారు. గడువు తీరగానే పాత్రను గిన్నెపైకి వంచుతారు. నీరు దిగిపోతుంది, ఆకు పాత్రలో నిలిచిపోతుంది. అన్ని నమూనాలకూ తూకం ఒకటే, నీరు ఒకటే, కాలం ఒకటే. ఈ పద్ధతికి అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉన్నది; 1980లో వెలువడిన ఆ ప్రమాణం ప్రకారం నూరు మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల ఆకు, ఆరు నిమిషాల వ్యవధి.

నిపుణుడు మొదట పొడి ఆకును చేతిలోకి తీసుకొని చూస్తాడు. మెలి సరిగా పడినదా, మొగ్గ కనిపిస్తున్నదా, తేమ సోకినదా అన్నది వేళ్లకే తెలిసిపోతుంది. పిమ్మట నీటిలో నానిన ఆకు వాసన పీలుస్తాడు. ఆ తరువాత చెంచాతో తేనీటిని తీసుకొని గట్టిగా చప్పుడయ్యేటట్లు లోపలికి లాగుతాడు. మన ఇళ్లలో పిల్లలు అలా తాగితే పెద్దలు కసురుకుంటారు; ఇక్కడ మాత్రం అదొక విద్య. గాలితో కలిసి తుంపరలుగా మారిన తేనీరు నోరంతా పరచుకుంటుంది. దాని పరిమళం గొంతు వెనుకగా ముక్కును చేరుతుంది. మనం రుచి అని భావించే దానిలో పెద్ద పాలు వాసనదే. క్షణకాలం నోట ఉంచుకొని, పక్కనున్న ఉమ్మి తొట్టిలో ఉమ్మివేసి, తరువాతి గిన్నె వద్దకు జరుగుతాడు. పని ముమ్మరంగా ఉన్న రోజున ఇటువంటి గిన్నెలు కొన్ని వందలు అతని ముందు నుంచి సాగిపోతాయి.

ఈ వృత్తికి ప్రత్యేకమైన పదజాలం ఉన్నది. నాలుకను చురుక్కుమనిపించి సజీవంగా తోచే తేనీరు ‘బ్రిస్క్’. రంగులో మెరుపు ఉంటే ‘బ్రైట్’. నోట నిండుగా, బరువుగా అనిపిస్తే ‘బాడీ’ ఉన్నదంటారు. జీవం పోయి చప్పబడినది ‘ఫ్లాట్’. ఇవి కేవలం ఊహలు కావు. తేయాకు పక్వమయ్యేటప్పుడు పుట్టే థియాఫ్లావిన్లు మెరుపునూ చురుకునూ ఇస్తాయి. థియారుబిజిన్లు రంగునూ నిండుదనాన్నీ ఇస్తాయి. రసాయన శాస్త్రం ఇరవయ్యవ శతాబ్దంలో కనిపెట్టిన ఈ సంగతిని రుచి నిపుణుల నాలుకలు అంతకు చాలా ముందే పసిగట్టాయి.

నిపుణుడు వేసిన విలువను ఆధారం చేసుకొనే వేలంలో బేరం మొదలవుతుంది. అతని నోట ఆ తేనీరు నిలిచేది రెండు మూడు క్షణాలే అయినా, ఆ క్షణాల వెనుక ఒక తోట పడిన శ్రమ అంతా ఉంటుంది.

ఇటలీ ద్రాక్షతోటల నుంచి ఒక పోలిక

దార్జిలింగు తేయాకును అర్థం చేసుకోవడానికి వాయవ్య ఇటలీలోని పీడ్‌మాంట్ ప్రాంతం వైపు ఒకసారి దృష్టి సారించాలి. అక్కడి కొండవాలులలో నెబ్బియోలో అనే నల్లద్రాక్ష పండుతుంది. ఇటాలియన్ భాషలో నెబ్బియా అంటే పొగమంచు. ద్రాక్ష కోతకు వచ్చే శరదృతువులో ఆ లోయలను కప్పే మంచు నుంచే ఈ ద్రాక్షకు ఆ పేరు వచ్చిందని పలువురి అభిప్రాయం. కేవలం ఈ ఒక్క జాతి ద్రాక్షతో, 11 గ్రామాల పరిధిలో, చట్టం విధించిన పద్ధతిలో తయారైన వైన్‌కు మాత్రమే ‘బరోలో’ అనే పేరు చెల్లుతుంది. సీసాలు అంగడికి చేరడానికి ముందు కనీసం 38 నెలలు పక్వం కావాలి. అందులో 18 నెలలు కొయ్య పీపాలలో గడపాలి. ఇటలీ ప్రభుత్వం 1980లో బరోలోకు అత్యున్నత శ్రేణి గుర్తింపునిచ్చింది.

ఇక్కడా కొండలే, ఇక్కడా పొగమంచే. దార్జిలింగు తోటలు సుమారు 600 మీటర్ల నుంచి 2,000 మీటర్ల ఎత్తు వరకు వ్యాపించి ఉన్నాయి. దార్జిలింగు పేరు వాడుకోవడానికి గుర్తింపు పొందిన తోటలు 87. అదే మొక్కను మైదానంలో నాటితే అదే రుచి రాదు. నేల, ఎత్తు, చలి, మంచు, ఏటవాలు అన్నీ కలిసి ఆకులో ఇమిడిపోతాయి.

అయితే ఒక భేదం ఉన్నది. బరోలో వయస్సుతో పెరుగుతుంది. తేయాకు వయస్సుతో తరుగుతుంది. వసంతంలో కోసిన దార్జిలింగు ఆకు పరిమళం ఏడాది తిరిగేసరికి వాడిపోతుంది. అందుచేతనే తొలి కోత ఆకును విమానాలపై ఐరోపాకు, జపాన్‌కు పంపేందుకు వ్యాపారులు తొందరపడతారు.

జాతులు, వంశాలు

నల్ల తేనీరు, పచ్చ తేనీరు, తెల్ల తేనీరు వేర్వేరు చెట్లవని చాలామంది అనుకుంటారు. అన్నిటికీ మూలం కమీలియా సైనెన్సిస్ అనే ఒకే మొక్క. అందులో రెండు ముఖ్యమైన శాఖలున్నాయి. చీనా శాఖ ఆకు చిన్నది, చలికి ఓర్చుకుంటుంది, రుచి సున్నితం. అస్సాం శాఖ ఆకు పెద్దది, వేడినీ తేమనూ కోరుతుంది, రుచి గాఢం.

1834లో గవర్నరు జనరల్ విలియం బెంటింక్ తేయాకు సంఘాన్ని నియమించాడు. చీనా నుంచి తెప్పించిన విత్తనాలను కలకత్తాకు ఎదురుగా, హుగ్లీ నది ఆవలి గట్టున శిబ్‌పూర్‌లో ఉన్న వృక్షోద్యానంలో మొలకెత్తించి, ఆ మొక్కలను అస్సాంకు, కుమావూఁ కొండలకు, దక్షిణాదికి పంపించారు. 1839 జనవరి 10న అస్సాం తేయాకు ఎనిమిది పెట్టెలు లండన్‌లో అమ్ముడుపోయాయి. 1841లో ఆర్చిబాల్డ్ కాంప్‌బెల్ అనే వైద్యుడు కుమావూఁ నుంచి తెప్పించిన చీనా విత్తనాన్ని దార్జిలింగులోని తన ఇంటి దొడ్డిలో నాటాడు. చూడబోతే అస్సాంలో చీనా మొక్క రాణించలేదు. దార్జిలింగు చలిలో అది స్వస్థలంలో ఉన్నట్లు ఎదిగింది. 1859లో మకాయ్‌బారి తోట వెలసింది. 1874 నాటికి కొండలపై తోటల సంఖ్య నూరు దాటింది.

ద్రాక్షతోట యజమాని నెబ్బియోలో, బార్బెరా, దోల్చెట్టో అని జాతుల పేర్లు చెప్పినట్లే, తేయాకు తోట యజమాని తన మొక్కల పేర్లు చెబుతాడు. విత్తనం నుంచి పెరిగిన పాత చీనా పొదలు ఒక రకం. వాటిలో నూరేళ్లు దాటినవి నేటికీ చిగుర్లు తొడుగుతున్నాయి. మేలైన ఒక పొదనుంచి కొమ్మలు తీసి నాటి పెంచిన వంశాలు మరొక రకం. వీటికి తరచు పుట్టిన తోట పేరు, ఒక సంఖ్య కలిపి పేరు పెడతారు. అంబారి నుంచి వచ్చినది ఏవీ-2, ఫూబ్‌సెరింగ్ నుంచి వచ్చినది పీ-312, బానక్‌బర్న్ నుంచి వచ్చినది బీ-157, తుక్దా నుంచి వచ్చినది టీ-78. ఏవీ-2 పూలవాసనకు ప్రసిద్ధి.

నాలుగు కోతలు, నాలుగు రుచులు

చలికాలమంతా నిద్రించిన పొదలు ఫిబ్రవరి చివర, మార్చి మొదట చిగురిస్తాయి. ఏప్రిల్ వరకు సాగే ఈ తొలి కోతను ‘ఫస్ట్ ఫ్లష్’ అంటారు. దీని తేనీరు లేత బంగారు రంగులో, పచ్చి పూల వాసనతో, కాస్త వగరుగా ఉంటుంది. మే, జూన్ నెలల మలి కోత ‘సెకండ్ ఫ్లష్’. రంగు రాగి ఛాయకు తిరుగుతుంది, రుచి నిండుకొంటుంది. జూలై నుంచి సెప్టెంబరు వరకు వానకారు కోత. ఆకు దండిగా వస్తుంది, పరిమళం పలచబడుతుంది. అక్టోబరు, నవంబరు నెలల శరత్కాలపు కోతతో ఏడాది ముగుస్తుంది. దాని రుచి మృదువైనది, రంగు గాఢమైనది.

మలి కోతకు గల విశిష్ట గుణాన్ని రుచి నిపుణులు ‘మస్కటెల్’ అంటారు. ఈ మాట ద్రాక్షతోటల నుంచే వచ్చింది. మస్కట్ అనేది సువాసన గల ద్రాక్ష జాతి. ఇటలీలో దానిని మొస్కాతో అంటారు; పీడ్‌మాంట్‌లోని ఆస్తి ప్రాంతంలో దానితో తియ్యని, నురగలు పొంగే వైన్ తయారుచేస్తారు. ఒకప్పుడు హైదరాబాదు చుట్టుపట్ల తోటలలో విరివిగా పండిన అనాబ్-ఎ-షాహి ద్రాక్షలను ఎరిగిన తెలుగువారికి మొస్కాతో పరిమళం కొత్తగా తోస్తుంది. అది తినే పండు వాసన కంటె పూల వాసనకు దగ్గరగా ఉంటుంది. లినలూల్, జెరనియాల్ అనే సుగంధ ద్రవ్యాలు మస్కట్ ద్రాక్షలోనూ దార్జిలింగు తేయాకులోనూ ఉన్నాయి. కలకత్తా రుచిగదిలో ఎవరో ఒకరికి ద్రాక్ష గుర్తుకు రావడం కేవలం కవితోక్తి కాదన్నమాట.

ఈ పరిమళం వెనుక ఒక చిత్రమైన కారణమున్నది. వేసవిలో పచ్చదోమ, తామర పురుగు అనే అతి చిన్న కీటకాలు చిగురాకులను గీరి రసం పీలుస్తాయి. దెబ్బతిన్న మొక్క ఆత్మరక్షణకై కొన్ని సుగంధ ద్రవ్యాలను ఉత్పత్తి చేస్తుంది. ఇతర పంటలకు శత్రువులైన పురుగులు ఈ కోతకు మాత్రం ఉపకారులయ్యాయి. పురుగును పూర్తిగా చంపితే పరిమళం పోతుంది. పూర్తిగా వదిలేస్తే పంట పోతుంది. తోట యజమాని ఈ రెంటి నడుమ నడవాలి.

కోసిన ఆకును గాలి తొట్లపై పరచి రాత్రంతా వాడ్చుతారు. మెత్తబడిన ఆకును యంత్రంలో నలిపి, గాలి సోకేటట్లు పరచి పక్వం చేసి, వేడిగాలితో ఎండబెట్టి, పరిమాణాన్ని బట్టి వేరుచేస్తారు. నాలుగైదు కిలోల పచ్చి ఆకు ఒక కిలో తేయాకు అవుతుంది. పెద్ద ఆకు, విరిగిన ఆకు, నూక, పొడి అనే తరగతులు అప్పుడు ఏర్పడతాయి. పెట్టెలపై కనిపించే ఆంగ్ల అక్షరాల బారు ఈ తరగతినే సూచిస్తుంది. అందులో మొగ్గల పాలు ఎంత, ఆకు పరిమాణమెంత అన్నది తెలుస్తుంది. రుచి మాత్రం తాగినప్పుడే తెలుస్తుంది.

ఏ తేనీటితో ఏ పలహారం?

బరోలో వంటి వగరు వైన్‌ను ఇటాలియన్లు కొవ్వు గల మాంసంతో కలిపి సేవిస్తారు. వైన్‌లోని టానిన్లు మాంసకృత్తులతో కలిసి తమ వగరు కోల్పోతాయి. అదే సమయంలో నోటికి అంటిన జిడ్డు బరువును తేలిక చేస్తాయి. తేయాకులో కూడా వగరు పదార్థాలున్నాయి గనుక అదే సూత్రం వర్తిస్తుంది. కోల్‌కతా ప్రజలు ఈ సూత్రాన్ని ఏ గ్రంథమూ చదవకుండానే ఆచరిస్తున్నారు.

తొలి కోత దార్జిలింగు సున్నితమైనది. దానికి పాలూ పంచదారా శత్రువులు. సాదా సందేశ్ దానికి సరైన జోడు. సందేశ్ అనేది విరిగిన పాల ముద్దతో చేసిన తేలికైన మిఠాయి. అందులోని మాంసకృత్తులు తేనీటి వగరును మెత్తబరుస్తాయి, పరిమళాన్ని మాత్రం తొక్కివేయవు. దోసకాయ ముక్కలు పెట్టిన పలుచని శాండ్‌విచ్ కూడా దానికి నప్పుతుంది. పాకంలో మునిగిన రసగుల్లా తిని వెంటనే ఈ తేనీరు తాగితే వట్టి నీరు తాగినట్లుంటుంది.

మలి కోత తేనీరు కొంత బరువును మోయగలదు. బెంగాలీ కేబిన్లలో దొరికే వేడివేడి చేప ఫ్రై, వెన్న పూసిన టోస్టు, 1927 నుంచి పార్క్ స్ట్రీట్‌లో నడుస్తున్న ఫ్లూరీస్ వంటి చోట్ల దొరికే బాదం కేకులు దానికి తగినవి. చేపతోపాటు ఇచ్చే కాసుంది అనే ఆవ చట్నీని మితంగా వాడుకోవాలి. ఆవఘాటు ముందు మస్కటెల్ నిలవదు.

శరత్కాలపు కోత అంగడికి వచ్చే వేళకే బెంగాలులో ఈత చెట్ల నీరా కాచి తీసిన కొత్త బెల్లం ‘నోలెన్ గుడ్’ రావడం మొదలవుతుంది. ఆ బెల్లంతో చేసిన సందేశ్‌కు ఈ తేనీరు మంచి తోడు. గోదావరి తీరపు పూతరేకులను దీనితో రుచి చూసినవారు ఈ పొత్తును తేలికగా గ్రహిస్తారు.

ఇక కారానికీ నూనెకూ అస్సాం తేయాకే గతి. 1930లో అస్సాంలో విలియం మెక్‌కెర్చర్ రూపొందించిన యంత్రం ఆకును నలిపి, చీల్చి, ఉండలుగా చుడుతుంది. ఆ మూడు క్రియల ఆంగ్ల పేర్ల మొదటి అక్షరాలే ‘సీటీసీ’. భారతదేశంలో తయారయ్యే తేయాకులో అధికభాగం ఇదే. పాలు, పంచదార, అల్లం ఎన్ని కలిపినా దీని శక్తి తగ్గదు. కోల్‌కతా వీధులలో మట్టి భాఁడ్‌లో పోసి ఇచ్చే చాయ్, దానితో శింగాడా, బెగుని. మన ఊళ్లలో మిరపకాయ బజ్జీ, పునుగులు, అల్లం పచ్చడితో పెసరట్టు. హైదరాబాదులో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్టు – ఇవన్నీ ఒకే కుటుంబంలోనివి. కొత్త మట్టి పాత్ర వాసన పాల తేనీటికి శోభ. దార్జిలింగుకు మాత్రం అది అడ్డు.

ఈ అలవాటు మన దేశానికి అంత పాతది కాదు. 1903లో తేయాకుపై ప్రత్యేక సుంకం విధించి, ఆ ధనంతో ప్రచారం సాగించారు. సంతలలో, రైల్వే స్టేషన్లలో కప్పులు పంచిపెట్టారు. కలకత్తాలోనే ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ వంటి శాస్త్రవేత్త తేనీటి వ్యసనాన్ని తీవ్రంగా విమర్శించాడు. స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే తేనీరు నూటికి నూరుపాళ్లు స్వదేశీ అని చాటే ప్రకటన చిత్రాన్ని అన్నదా మున్షీ అనే చిత్రకారుడు కలకత్తాలో రూపొందించాడు. నేడు భారతదేశం ఏటా సుమారు 130 కోట్ల కిలోల తేయాకు తయారుచేస్తున్నది. అందులో అయిదింట నాలుగు వంతులు మనమే తాగుతున్నాము.

పేరుకు వచ్చిన పెద్ద చిక్కు

దేశంలో తయారయ్యే మొత్తం తేయాకులో దార్జిలింగు నూటికి ఒక పాలు కూడా లేదు. అయినా విదేశాలలో భారతీయ తేయాకుకు గౌరవం తెచ్చిన పేరు అదే. ఆ పేరు ఎంత విలువైనదో దానిని దొంగిలించేవారికి బాగా తెలుసు. దార్జిలింగులో పండేదానికి కొన్ని రెట్లు అధికంగా ఆ పేరుతో ప్రపంచ విపణిలో అమ్ముడవుతున్నదని వ్యాపారవర్గాలు చాలాకాలంగా చెప్పుకుంటున్నాయి.

2004లో దార్జిలింగు తేయాకు మన దేశంలో భౌగోళిక గుర్తింపు పొందిన మొట్టమొదటి వస్తువు అయింది. బరోలోకు ఇటలీ చట్టం ఇచ్చిన కవచం వంటిదే ఇది. 2011లో ఐరోపా సమాఖ్య కూడా ఆ పేరుకు రక్షణ కల్పించింది. అయితే చట్టానికి హద్దులున్నాయని కోల్‌కతాలోనే తేలింది. నగరంలోని ఐటీసీ సోనార్ హోటలులో ఒక విశ్రాంతి శాలకు ‘దార్జిలింగ్ లౌంజ్’ అని పేరు పెట్టడాన్ని టీ బోర్డు కలకత్తా హైకోర్టులో సవాలు చేసింది. భౌగోళిక గుర్తింపు చట్టం వస్తువులకు వర్తిస్తుంది గాని, హోటలులోని గదికి వర్తించదని న్యాయస్థానం 2019లో ఆ దావాను కొట్టివేసింది. పేరు తేయాకుది మాత్రమే కాదు, ఊరిది కూడా అన్న సత్యాన్ని ఆ తీర్పు గుర్తుచేసింది.

న్యాయస్థానం వెలుపలి చిక్కులు ఇంకా పెద్దవి. 2017లో ప్రత్యేక రాష్ట్రం కోసం కొండలపై 104 రోజుల బంద్ సాగింది. అది జూన్ మధ్యలో మొదలైంది. మస్కటెల్ కోత సగంలోనే నిలిచిపోయింది. పొదలు అడవిలా పెరిగాయి, కొనుగోలుదారులు ఇతర దేశాల వైపు చూశారు. సరిహద్దుకు ఆవల నేపాల్‌లోని ఇలామ్ కొండలలో అదే ఎత్తున, అదే మంచులో, ఇంచుమించు అదే రుచి గల తేయాకు తక్కువ ధరకు దొరుకుతున్నది. అది ఇలామ్ తేయాకుగానే అమ్ముడైతే ఎవరికీ అభ్యంతరం ఉండనక్కరలేదు; దార్జిలింగు పేరుతో కలిసిపోయినప్పుడే రెండు కొండలకూ అన్యాయం జరుగుతుంది.

వానలు క్రమం తప్పాయి. చలికాలపు జల్లులు సమయానికి పడకపోతే తొలి చిగురు ఆలస్యమవుతుంది. వానకారులో కుంభవృష్టి కురిస్తే కొండచరియలు విరిగి నేల కొట్టుకుపోతుంది. ముసలి పొదలను తీసి కొత్తవి నాటితే చాలా ఏళ్లు ఆదాయం ఉండదు. ఒకప్పుడు ఏటా కోటి కిలోలు దాటిన దార్జిలింగు ఉత్పత్తి 2023లో సుమారు 60 లక్షల కిలోలకు పడిపోయింది.

ఈ అంకెల వెనుక 50 వేలకు పైగా కార్మికులున్నారు. వారిలో అధిక సంఖ్యాకులు స్త్రీలు. నేపాల్ నుంచి వలస వచ్చినవారి సంతతి. రెండు ఆకులు, ఒక మొగ్గ అనే కొలతకు చిగురు తుంపే వేళ్లు వారివే. పశ్చిమ బెంగాలు తోటలలో 2023లో వారి దినకూలి 250 రూపాయలు. ఈ చరిత్రలో తెలుగువారికి కూడా పాలున్నది: పందొమ్మిదవ శతాబ్దంలో గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి ఎందరో అస్సాం తోటలకు కూలీలుగా తరలివెళ్లారు, వారి సంతతి నేటికీ అక్కడ ఉన్నది. మంచి తేనీటికి ఇచ్చే ధర ఆ వేళ్ల వరకు చేరకపోతే, కొండపై చిగురు తుంపే తరువాతి తరం ఉండదు. యువకులు పట్టణాలకు వెళ్లిపోవడం, తోటలలో పనిచేసే చేతులు కరువు కావడం ఇప్పటికే మొదలైంది.

కొనేవారి చేతిలో ఉన్నది

తేయాకు కొనేవారు గమనించదగిన సంగతులు కొన్ని ఉన్నాయి. నిజమైన దార్జిలింగు పొట్లంపై టీ బోర్డు ముద్ర ఉంటుంది. చేతిలో తేయాకు రెమ్మ పట్టుకున్న స్త్రీ ముఖం దాని గుర్తు. తోట పేరు, కోత, కోసిన సంవత్సరం తెలిపే పొట్లం మేలు. కేవలం ‘హిమాలయ తేయాకు’ అని వ్రాసి ఉంటే అది దార్జిలింగు అనుకోనక్కరలేదు.

ఒక చెంచా, అంటే సుమారు రెండున్నర గ్రాముల ఆకుకు ఒక కప్పు నీరు చాలు. తెర్లిన నీటిని తొలి కోతకు కొంత చల్లార్చి, తక్కిన కోతలకు వెంటనే పోసి, మూడు నాలుగు నిమిషాలు మూతపెట్టి వడగట్టాలి. పొయ్యిమీద మరిగించకూడదు. పాలు కలపకూడదు. మిగిలిన ఆకును గాలి, వెలుతురు, తేమ సోకని డబ్బాలో, మసాలాలకు దూరంగా ఉంచాలి. తేయాకు పక్కనున్న దేని వాసననైనా పీల్చుకుంటుంది.

ఇటలీ రైతు తన ద్రాక్షసారానికి గ్రామం పేరు పెట్టుకొని, ఆ పేరుకు చట్టం రక్ష కల్పించుకొని, తాగేవారికి దాని విలువ నేర్పడానికి తరాలు పట్టింది. దార్జిలింగుకు పేరు ఉన్నది, చట్టం ఉన్నది, ఆకుకు తీర్పు చెప్పగల నాలుకలు కోల్‌కతాలో ఉన్నాయి. మిగిలినది తాగేవారి వంతు. పాలు లేని ఆ లేత బంగారు నీటిని మొదటిసారి రుచి చూసినవారికి ఇందులో ఏమున్నదని అనిపించవచ్చు. రెండవ కప్పు నిదానంగా తాగితే కొండ గాలి, పొగమంచు, పూల వాసన ఒకదాని వెంట ఒకటి నోట విచ్చుకుంటాయి. ఆ తేడా తెలిసిన తరువాత నకిలీ సరుకును ఆ పేరుతో వారికి అమ్మడం ఎవరికీ అంత తేలిక కాదు.